యాక్సెషన్ రిజిస్టరు నుంచి అంతర్జాలం దాకా



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు మొదట వెనుకాడాను. రాజుల చరిత్ర, శాసనాల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన నాకు ఏ చరిత్ర తెలుసు? "మీరు 36 ఏళ్లు కూర్చున్న బల్ల చరిత్రే రాయండి" అన్నారాయన. ఆ బల్ల ఒక జిల్లా గ్రంథాలయంలోది. 1971లో దాని ముందు కూర్చున్నాను, 2007లో లేచాను. ఈలోగా పుస్తకం అనే వస్తువు కాగితం మీది నుంచి కంప్యూటరులోకి వెళ్లిపోయింది. ఆ మార్పులో ఏది మారింది, ఏది మారలేదు, మారనిదాన్ని మరిచిపోతే ఏం నష్టం అన్నదే ఈ వ్యాసం.

చేరిన రోజున మా హెడ్ క్లర్కు గారు ఒక పెద్ద బౌండు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. అది యాక్సెషన్ రిజిస్టరు. గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఎదురుగా వచ్చిన తేదీ, రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, పుటలు, వెల, బిల్లు నంబరు, చివర రిమార్కుల గడి. "పుస్తకం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చునోయ్. ఈ రిజిస్టరు పోతే లైబ్రరీయే పోయినట్టు" అన్నారాయన. పాతకాలపు చాదస్తం అనుకున్నాను. ఆ మాట ఎంత నిజమో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గ్రంథాలయాలు ఎలా వచ్చాయి

మన ప్రాంతంలో గ్రంథాలయాలు సర్కారు ఉత్తర్వులతో పుట్టలేదు, జనం చందాలతో పుట్టాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు దాని వెనుక ఉన్నవారు. నిజాం ఏలుబడిలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు కావాలన్నది వారి తపన. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దానికి ప్రాణం అయ్యంకి వెంకటరమణయ్య గారు. మరుసటి ఏడాది నుంచే 'గ్రంథాలయ సర్వస్వం' అనే పత్రిక నడిపారు. ఒక్క గ్రంథాలయాల కోసమే తెలుగులో ఒక పత్రిక అంటే ఆనాటి ఉత్సాహం ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. దాని భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. రోడ్డు లేని ఊరికి కాలువ ఉంటుంది, కాలువ ఉన్నచోటికి పుస్తకం వెళుతుంది అన్నది లెక్క. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన అన్నమాట. ఇవాళ సెల్‌ఫోనులో పుస్తకం చదువుతున్నామని మురిసిపోతున్నాం గానీ, ఆ ఆలోచన మన కాలువల మీద ఏనాడో తిరిగింది.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వచ్చే ఏర్పాటు ఆ చట్టం కింద స్థిరపడింది. అంటే గ్రంథాలయంలోని ప్రతి పుస్తకం వెనుక ఇల్లుగలవారి పైసలున్నాయి. అందుకే అంత ఖచ్చితమైన రిజిస్టర్లు, ఏటేటా స్టాకు వెరిఫికేషన్లు, ఆడిట్లు. ప్రజల సొమ్ముతో కొన్న వస్తువుకు ప్రజలకు లెక్క చెప్పాలి కదా.

పుస్తకం దొరకడం వేరు

పుస్తకం ఉండడం ఒక ఎత్తు, అడిగిన మనిషికి అది దొరకడం మరో ఎత్తు. ఈ రెండో సంగతికి శాస్త్రం కట్టినవారు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కల ఉపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి 5 సూత్రాలు చెప్పారు, 1933లో పుస్తకాలను వర్గీకరించే కొత్త పద్ధతి ప్రకటించారు. పుస్తకాలు అలంకారానికి కాదు వాడకానికి, ప్రతి పాఠకుడికీ కావలసిన పుస్తకం అందాలి, అతని కాలం వృథా కాకూడదు, గ్రంథాలయం ఎప్పటికీ పెరుగుతూ ఉండేది అన్నది ఆయన చెప్పినదాని సారం. మేము కేటలాగు కార్డులు రాసేటప్పుడు రచయిత పేరు మీద ఒకటి, పుస్తకం పేరు మీద ఒకటి, విషయం మీద ఒకటి రాసేవాళ్లం. ఒకే పుస్తకానికి మూడు కార్డులెందుకని కొత్తగా చేరిన కుర్రాళ్లు విసుక్కునేవారు. వచ్చినవాడికి ఆ మూడింటిలో ఏది గుర్తుంటే ఆ తలుపు తట్టుకుంటాడు, అందుకని.

అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు 1960ల చివరికే ఈ కార్డుల్లోని వివరాలను కంప్యూటరు చదివే రూపంలోకి మార్చింది. హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆవిడ ఆ పనికి ఆద్యురాలు. రచయిత పేరుకు ఒక గడి, పుస్తకం పేరుకు ఒక గడి, ఇలా గడులకు నంబర్లు పెట్టి ప్రపంచమంతా ఒకే పద్ధతిలో రాసుకునే వీలు కల్పించారు. మా బల్ల మీదకు మాత్రం కంప్యూటరు నా సర్వీసు చివరి రోజుల్లో గానీ రాలేదు. దానికి గుడ్డ కప్పి ఉంచేవాళ్లం.

నేను చేసిన తప్పు

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1988లో స్టాకు వెరిఫికేషన్ చేశాం. పురుగు తిన్నవి, అట్టలూడినవి, ఏళ్ల తరబడి ఎవరూ తీసుకెళ్లనివి వేరు చేసి, తొలగించవలసిన వాటి జాబితా తయారు చేసే పని నాది. అందులో పశువుల జబ్బుల మీద ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు 1930లలో రాసిన చిన్న పుస్తకం ఉంది. 64 పుటలు, వెల 4 అణాలు. రిమార్కుల గడిలో 'శిథిలం, తొలగించవచ్చు' అని రాసి పొట్టి సంతకం పెట్టాను. నిబంధనల ప్రకారమే చేశాం. జాబితా ఆమోదం పొందింది, పుస్తకాలు తూకానికి వెళ్లిపోయాయి.

2004లో మా కార్యాలయానికి ఒక పెద్దాయన వచ్చారు. హెడ్మాస్టరుగా రిటైరైన వారు. పాత పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారని పేపర్లో చదివి వచ్చారు. "మా నాన్నగారి పుస్తకం ఒకటి మీ దగ్గర ఉండేదండీ. మా ఇంట్లో కాపీ వరదలో పోయింది. దాన్ని కూడా ఎక్కిస్తారేమోనని..." అన్నారు. రిజిస్టరు తీశాను. నంబరు ఉంది, పేరు ఉంది, చివరి గడిలో నా చేతిరాత ఉంది. చూపించక తప్పలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. "సరేనండి" అని గొడుగు తీసుకుని లేచారు. ఆయన్ని ఆపి, రిజిస్టరులోని వివరాలన్నీ చీటీ మీద రాసిచ్చాను. గుమాస్తా అలవాటు కాబట్టి నకలు ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఈ చీటీ సంగతి చివర మళ్లీ వస్తుంది.

అలమారా అక్కరలేని పుస్తకం

నేను ఉద్యోగంలో చేరిన 1971లోనే, జూలై 4న, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అనే యువకుడు ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో టైపు చేసి నలుగురికీ అందుబాటులో పెట్టాడు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత ఎలక్ట్రానిక్ పుస్తకాల నిధి అలా మొదలైంది. ఇక్కడ నేను సిరా బుడ్డి ముందు కూర్చున్న ఏడాదే అక్కడ ఆ పని మొదలైందని తెలిసినప్పుడు నవ్వొచ్చింది.

మన దేశంలో విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలను కలపడానికి యూజీసీ 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థను ప్రారంభించింది. శాస్త్ర పత్రికలు కాగితం మీద కాక కంప్యూటరు ద్వారా రావడం మొదలయ్యాక, ఒక్కొక్క విశ్వవిద్యాలయం విడివిడిగా కొనలేక, అందరి తరఫునా కలిపి బేరమాడే పద్ధతి 2004లో యూజీసీ ఇన్ఫోనెట్ పేరుతో వచ్చింది. ఆ దారిలో పెద్ద అడుగు 2024 నవంబరు 25న పడింది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 3 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మారుమూల ప్రభుత్వ కళాశాలలో చదివే మన మనవలకు కూడా పెద్ద నగరాల విద్యార్థులకు దొరికే పత్రికలే దొరకాలన్నది ఉద్దేశం. సంతోషించవలసిన విషయమే.

అయితే ఇక్కడ గుమాస్తా బుద్ధికి ఒక తేడా కనిపిస్తుంది. కాగితం పుస్తకం కొంటే బిల్లు కట్టిన రోజు నుంచి అది మనది. ఎలక్ట్రానిక్ పత్రికలకు కట్టేది చాలా సందర్భాల్లో చందా, అంటే అద్దె. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, చందా ఆగిన రోజున పాత సంచికల తలుపు కూడా మూసుకుపోతుంది. 2009లో అమెరికాలో ఒక వింత జరిగింది. అమెజాన్ కంపెనీ వారి కిండిల్ యంత్రంలో డబ్బు కట్టి కొనుక్కున్న జార్జి ఆర్వెల్ నవల పాఠకుల యంత్రాల్లోంచి రాత్రికి రాత్రి మాయమైంది. అమ్మినవాడికి హక్కులు లేవని తెలిసి కంపెనీయే తుడిచేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ మన ఇంటి బీరువాలోని పుస్తకాన్ని దుకాణం వాడు వచ్చి పట్టుకుపోగలడా? ఎలక్ట్రానిక్ పుస్తకం విషయంలో పట్టుకుపోగలడని ఆనాడు తేలింది.

అందువల్ల ఈ కొత్త వనరులకూ రిజిస్టరు కావలసి వచ్చింది. అమెరికా గ్రంథాలయాలు కొన్ని కలిసి, ఆ రిజిస్టరులో ఏమేం ఉండాలో ఆలోచించి 2004లో ఒక నివేదిక వెలువరించాయి. ఒప్పందం ఎవరితో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఒకేసారి ఎంతమంది చదవవచ్చు, ఇంటి నుంచి చదవవచ్చా, అచ్చు తీసుకోవచ్చా, చందా ఆగితే పాత సంచికలు దక్కుతాయా, ఏడాదిలో ఎంతమంది వాడారు, ఈ వివరాలన్నిటికీ గడులు కావాలని తేల్చాయి. మా హెడ్ క్లర్కు గారు ఉండి ఉంటే, "గడులు పెరిగాయి గానీ ఇది మన యాక్సెషన్ రిజిస్టరే కదుటోయ్" అని ఉండేవారు.

తెలుగు పుస్తకాలు కంప్యూటరు ఎక్కిన కథ

ఇక హెడ్మాస్టరు గారు పేపర్లో చదివిన ఆ పని సంగతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి లోకానికి ఉచితంగా ఇవ్వాలని సంకల్పించారు. అమెరికాతో పాటు భారత్, చైనా, ఈజిప్టు అందులో పాలుపంచుకున్నాయి. 2007 నాటికి పుస్తకాల సంఖ్య 15 లక్షలు దాటింది. మన దేశంలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరు ఐఐఎస్‌సీ ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్ గారు దాన్ని నడిపించారు. 2003 సెప్టెంబరు 8న రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ దానికి పెద్ద కేంద్రం. మన పాత గ్రంథాలయాల్లో దుమ్ము కింద పడివున్న వేల తెలుగు పుస్తకాలు దానివల్ల వెలుగు చూశాయి. ఆ మహోపకారాన్ని ఎంత చెప్పినా తక్కువే.

కానీ లెక్క రాసేచోట తొందర జరిగింది. పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. మన కల, కళ, కాల, కాళ అనే నాలుగు మాటలూ గుర్తులేమీ పెట్టకుండా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఒకేలా కనిపిస్తాయి. శ, ష, స అక్షరాలను ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. చాలాచోట్ల ఇంటి పేరు పుస్తకం పేరైంది, పుస్తకం పేరు రచయిత పేరైంది. కొన్నింటిలో పుటలు తప్పిపోయాయి. పుస్తకం లోపల ఉంది, కానీ అడిగినవాడికి దొరకదు. రంగనాథన్ గారు ఏ సంగతికైతే జీవితం ధారపోశారో అదే తప్పిపోయింది. తరువాత తెలుగు వికీపీడియాలో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఓపిగ్గా కూర్చుని, ఆ పేర్లను తెలుగు లిపిలో సరిచేసి జాబితాలు తయారు చేశారు. జీతం లేని కేటలాగు గుమాస్తాలు వాళ్లు. వాళ్లకు నా నమస్కారం.

రెండో చిక్కు హక్కులది. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల దాకా పుస్తకం మీద హక్కు వారసులది. హక్కు తీరని పుస్తకాలు కూడా ఎన్నో చేరిపోవడంతో ఇబ్బందులు వచ్చాయి. 2017 నాటికి ఆ సైటు పాఠకులకు అందకుండా పోయింది. అయితే అంతకు ముందే 4 లక్షలకు పైగా పుస్తకాల నకళ్లు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలోకి చేరాయి. నకలు ఉండబట్టి బతికాయి. మన ప్రభుత్వం తరఫున ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించిన నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. అది విడివిడిగా ఉన్న నిధులన్నిటికీ ఒకేచోట వెతుక్కునే వీలు కల్పిస్తుంది. అంటే పెద్ద కేటలాగన్నమాట.

పుస్తకానికీ జీవన ప్రమాణ పత్రం

కంప్యూటరులో ఎక్కించేశాం, ఇక శాశ్వతం అని చాలామంది అనుకుంటారు. కాగితానికి చెదలు ఉన్నట్టే దానికీ ఉన్నాయి. ఇంగ్లండులో 1086లో రాజు గారు దేశమంతా సర్వే చేయించి డూమ్స్‌డే బుక్ అనే రికార్డు తోలు కాగితం మీద రాయించాడు. అది ఇప్పటికీ చదవవచ్చు. దాని 900 ఏళ్ల పండుగకు, 1986లో, బీబీసీ వారు కొత్త సర్వే చేయించి లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. ఆ డిస్కులు చదివే యంత్రాలు మూలపడి, 2002 వచ్చేసరికి వాటిని మళ్లీ చదవగలిగేలా చేయడానికి పరిశోధకులు ప్రత్యేకంగా పూనుకోవలసి వచ్చింది. తోలు మీది రాత 900 ఏళ్లు నిలిచింది, డిస్కు 16 ఏళ్లకే ఆపదలో పడింది.

అంత దూరం ఎందుకు? మన పాత సంచికలే చూడండి. ఒకప్పుడు డీటీపీ చేయించిన తెలుగు ఫైళ్లు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్ అనే ఉమ్మడి పద్ధతిలో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, దాన్ని వాడుకలోకి తెచ్చుకోవడానికి మనకు చాలా కాలం పట్టింది.

మరో సంగతి. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్ల మీద దుండగులు దాడి చేశారు. అలమారాల్లో పుస్తకాలు క్షేమంగానే ఉన్నాయి. పోయింది ప్రధానంగా కేటలాగు. 2024 జనవరి దాకా పాఠకులు అంతర్జాలంలో వెతుక్కోలేకపోయారు. రిజిస్టరు పోతే లైబ్రరీయే పోయినట్టన్న మా హెడ్ క్లర్కు గారి మాట నాకు పూర్తిగా అర్థమైంది ఆ వార్త చదివిన రోజునే. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద కూడా దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది.

అందుకే ఈ విద్య తెలిసినవారు రెండు జాగ్రత్తలు చెబుతారు. ఒకటి, నకళ్లు ఒకచోట కాదు, దూరదూరంగా అనేక చోట్ల ఉంచాలి. రెండు, ఫైలు చెడిపోకుండా ఉందో లేదో గడువు ప్రకారం పరీక్షించాలి. ప్రతి ఫైలుకూ లెక్కగట్టి ఒక గుర్తు సంఖ్య రాసిపెడతారు. మళ్లీ లెక్కగడితే అదే సంఖ్య రావాలి. ఒక్క అక్షరం చెడినా సంఖ్య మారిపోతుంది, అప్పుడు మరోచోటి మంచి నకలు తెచ్చి పెడతారు. ఇది మనకు కొత్త కాదు. మనం బతికే ఉన్నామని ఏటేటా రుజువు చేసుకోవడం లేదూ! 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతితో వేలిముద్ర వేసి ఆ రుజువు ఇస్తున్నాం. ఎలక్ట్రానిక్ పుస్తకం కూడా మనలాంటిదే. ఏటా ఎవరో ఒకరు పలకరించి చూడకపోతే అది ఉన్నదీ లేనిదీ తెలియదు.

చీటీ సంగతి

రిటైరయ్యాక కొన్నేళ్లకు మా మనవరాలు నాకు ఇంటర్నెట్ ఆర్కైవ్ చూపించింది. నాకు మొదట గుర్తొచ్చింది నా దగ్గరున్న చీటీ. పుస్తకం పేరుతో వెతికాం, లేదు. రచయిత పేరుతో వెతికాం, లేదు. ఇంగ్లీషు అక్షరాలు మార్చి మార్చి మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాం. చివరికి రచయిత ఇంటి పేరును పుస్తకం పేరుగా రాసిన చోట దొరికింది. వేరే ఊరి గ్రంథాలయం ముద్ర ఉంది. అక్కడ నాలాంటి గుమాస్తా ఎవరో దాన్ని తొలగించకుండా వదిలేశాడు. అచ్చయిన ఊరు, సంవత్సరం, వెల చీటీలో ఉన్నట్టే సరిపోయాయి. పుటలు మాత్రం 62 వచ్చాయి. చీటీ ప్రకారం 64 ఉండాలి. చూస్తే 31, 32 పుటలున్న ఆకు లేదు. రిజిస్టరులో ఆ గడి లేకపోతే పుస్తకం పూర్తిగా ఉందనే అనుకునేవాళ్లం.

హెడ్మాస్టరు గారి ఊరు వెళ్లాను. అప్పటికి ఆయనకు 80 దాటాయి. మనవరాలి ల్యాప్‌టాప్‌లో మొదటి పుట తెరిచాం. 'ప్రతులకు' అని కింద రచయిత చిరునామా ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "ఇది మా ఇల్లేనండి" అన్నారు. ఆయన తండ్రిగారు 1948లో పోయారు కాబట్టి హక్కుల చిక్కు కూడా లేదు. పుస్తకమంతా అచ్చు తీయించి, బైండు చేయించి ఇచ్చాను. 31వ పుట రావలసిన చోట ఒక తెల్ల కాగితం పెట్టించాను. ఆకు దొరికితే అతికించుకోవచ్చునని.

మిత్రులారా, ఈ పనిలో మనం చేయగలిగింది చాలా ఉంది. మనలో చాలామంది జీవితమంతా రికార్డులు రాసినవాళ్లమే. అటక మీద పాత పుస్తకాలుంటే తూకానికి వేయకముందు, అవి ఇప్పటికే స్కాన్ అయ్యాయో లేదో పిల్లలచేత చూపించండి. కాకపోతే ఏదైనా గ్రంథాలయానికి చెప్పండి. మీ తండ్రులు, తాతలు రాసిన పుస్తకాలకు మీరే హక్కుదారులైతే, వాటిని అందరికీ అందుబాటులో ఉంచడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. కంప్యూటరు తెలిసిన మనవలను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పుగా ఎక్కిన తెలుగు పేర్లు సరిచేసే స్వచ్ఛంద కార్యకర్తలకు సాయం చేయండి. పేరు చదివి సరిగ్గా రాయడం మనకు వచ్చిన పనే కదా.

నేను చేసిన తప్పు దిద్దుకోవడానికి ఇంకా ఒక్క ఆకు మిగిలి ఉంది. ఆ పుస్తకం పేరు, వివరాలు రాసిన చీటీ కార్యదర్శి గారికి ఇచ్చాను. మీలో ఎవరి ఇంట్లోనైనా 1930ల నాటి పశువైద్యం పుస్తకం చిరిగిందైనా సరే ఉంటే, దయచేసి 31వ పుట ఉందేమో చూడండి.

సెలవు.